దొంగకు కనబడేచోటే రీసెట్ బటన్ పెట్టండి

రీసెట్ బటన్‌ని దాచకండి. తలుపు బయట, గోడమీద, భుజమెత్తున, ఎర్రరంగు వేసి పెట్టండి. పక్కన తెలుగులోనూ ఉర్దూలోనూ ‘మోగితే ఇది నొక్కండి’ అని రాయండి. ఇంట్లో పెద్దావిడకి కనబడాలి, ఎదురింటి పిల్లవాడికి కనబడాలి, దొంగకీ కనబడాలి. ఈ మాట అంటే నాంపల్లిలో నా బల్ల దగ్గరకు వచ్చే కాలేజీ పిల్లలు నావంక అదోలా చూస్తారు. ముప్పై ఏళ్లుగా అలారాలు కడుతూ, విప్పుతూ, బాగుచేస్తూ వచ్చి నేను గట్టిగా నమ్మిన మాట ఇది. దీని వెనక వచ్చే సలహాలు కూడా పుస్తకాల్లో ఉన్నదానికి అడ్డం తిరిగినట్టే ఉంటాయి. అన్నీ చదివాకే సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టండి.

కదలికను పసిగట్టే అలారం అనగానే అందరూ రెండే అడుగుతారు. సెన్సర్ ఎంత దూరం చూస్తుంది, హూటర్ ఎంత గట్టిగా అరుస్తుంది. ఈ రెంటి మధ్య కూర్చునే టైమర్ సంగతి ఎవరూ ఎత్తరు. ఎప్పుడు మొదలెట్టాలో సెన్సర్ చెబుతుంది, నిజమే. ఎప్పుడు ఆపాలో, ఆపాక మళ్లీ ఎప్పుడు సిద్ధం కావాలో చెప్పేది టైమరే. అది సరిగ్గా లేని అలారం కంటే మామూలు గొళ్లెం నయం.

ఇది నాకు ఎలా తెలిసివచ్చిందో చెప్పాలి. ఇరవై ఏళ్ల పైమాట. నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక గల్లీలో బట్టల గోడౌనుకి అలారం కట్టిచ్చాను. ఎస్సీఆర్ పెట్టి కట్టిన సర్క్యూట్. ఒక్కసారి కదలిక తగిలితే చాలు, కరెంటు తీసేదాకా మోగుతూనే ఉంటుంది. దొంగ పారిపోయినా మోగాలని యజమాని కోరాడు, నాకూ సబబుగానే తోచింది. ఆపే స్విచ్చి గోడౌను లోపల, బీరువా వెనక పెట్టాను. ఒక శనివారం రాత్రి అది మోగడం మొదలెట్టింది. యజమాని పెళ్లికని ఊరెళ్లాడు, తాళంచెవి ఆయన జేబులో. పై అంతస్తులో ఆపరేషనై ఇంటికొచ్చిన పెద్దాయన ఒకరున్నారు. రాత్రంతా మోగింది, తెల్లారింది, ఆదివారం మధ్యాహ్నమైంది. చివరికి గల్లీవాళ్లే నిచ్చెన తెచ్చి హూటర్ వైర్లు తెంపారు. సోమవారం నేను వెళ్లి వాటిని మళ్లీ కలిపి వచ్చాను. అంతకుమించి ఏమీ మార్చలేదు. మూడు నెలలకు నిజంగానే వెంటిలేటర్ ఊచలు వంచి ఎవరో లోపలికి దిగారు. అలారం మోగింది. ఒక్క కిటికీ తెరుచుకోలేదు. కింద పాన్ డబ్బా నడిపే ఆయన నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. ‘మోగింది సాబ్, విన్నం. మళ్ల గదే అనుకున్నం.’

హూటర్ అరిచేది దొంగ కోసం కాదు, ఇరుగుపొరుగు కోసం. వాళ్ల ఓపికను ఒకసారి కాల్చేస్తే ఆ అలారం చచ్చినట్టే, బ్యాటరీ నిండుగా ఉన్నా సరే.

అందుకని సామాను కొనడానికి బయల్దేరేది ఆదివారం పెట్టుకోండి, అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉన్నప్పుడు. మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. పాత ఎలక్ట్రానిక్స్ పత్రికలు, డిప్లొమా పాఠ్యపుస్తకాలు, ఐసీల డేటా పుస్తకాలు వెతికితే దొరుకుతాయి. టైమర్ల గురించి ఒక్క అధ్యాయమైనా ఉన్న పుస్తకం ఒకటి కొనుక్కుని ఇంటికొచ్చేయండి. ఆ రాత్రి అలారం పెట్టబోయే గదిలో గడియారం పట్టుకుని కూర్చోండి. గట్టి చప్పుడైతే పక్కింటివాళ్లు మేల్కొని, లైటేసి, తలుపు తీయడానికి ఎంతసేపు పడుతుందో వాళ్లతోనే మాట్లాడి లెక్కేయండి. మా గల్లీలో లెక్కేస్తే నలభై సెకన్లు తేలింది. హూటర్ ఒక్క నిమిషం మోగితే చాలునని అక్కడే తేలిపోయింది. మార్కెట్‌కి ఆ అంకె చేతిలో పట్టుకుని వెళ్లాలి. అంకె లేకుండా వెళితే కౌంటర్ మీద ఏది ముందుకు జరిపితే దానికే డబ్బు కడతాం.

సోమవారం అబిడ్స్ నుంచి కోఠి వైపు నడిచి గుజరాతీ గల్లీకి వెళ్లండి. అక్కడ ‘ట్రిపుల్ ఫైవ్’ అంటే చాలు, 555 టైమర్ ఐసీ తీసి ముందు పెడతారు. రెండు కావాలి, పది కొనండి. ఒక్కోటి పది రూపాయలకు అటూఇటూగా వస్తుంది. రెంటిని ఐసీ బేస్‌లలో గుచ్చి, మిగిలినవాటిని చిన్న డబ్బాలో వేసి, సర్క్యూట్ బొమ్మ గీసిన కాగితంతో సహా అలారం పెట్టెలోనే ఉంచేయండి. పదేళ్ల తర్వాత దాన్ని విప్పేవాడు మీరు కాకపోవచ్చు. వాడికి మీరిచ్చే కానుక అది. పాత టీవీ బోర్డుల్లోంచి ఊడదీసిన రెసిస్టర్లు, ట్రాన్సిస్టర్లు, రిలేలు నిక్షేపంగా వాడుకోండి. టైమింగ్ కెపాసిటర్ మాత్రం కొత్తదే కొనండి. ఏళ్ల తరబడి ఊరికే పడున్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ కరెంటును కార్చేస్తుంది. కారే కుండ నిండదు, టైమర్ సమయం ఎప్పటికీ ముగియదు.

మా అక్క కొడుకు నన్ను నిలదీశాడు. ‘మామా, సెన్సర్ మాడ్యూల్‌లనే టైమర్ ఉంది గదా. ఆర్డుయినో పెడితే నాలుగు లైన్ల కోడ్. గింత తిప్పలెందుకు?’

వాడు అడిగింది తప్పు కాదు. గల్లీలో అందరూ అమ్మే హెచ్‌సీ-ఎస్‌ఆర్501 మాడ్యూల్ మీద రెండు ప్రీసెట్లు ఉంటాయి. ఒకటి చూపు దూరానికి, 3 నుంచి 7 మీటర్లు. రెండోది సమయానికి, కొన్ని సెకన్ల నుంచి 5 నిమిషాల దాకా. పక్కన ఒక జంపర్ కూడా ఉంటుంది. ఒకవైపు పెడితే ఒకే లెక్క, రెండోవైపు పెడితే కదలిక తగిలిన ప్రతిసారీ లెక్క మొదటికొస్తుంది. ఇంతా ఉండి, బయటినుంచి ఆ లెక్కను చెరిపేయడానికి పిన్ బయటికి ఇవ్వలేదు. లైటుకి ఒక సమయం, హూటర్‌కి ఒక సమయం పెట్టుకునే దారీ లేదు. కాబట్టి ఆ సమయం ప్రీసెట్‌ని పూర్తిగా తగ్గించేయండి, జంపర్‌ని మళ్లీ మళ్లీ లెక్కపెట్టే వైపు ఉంచండి, ఆ మాడ్యూల్‌ని కన్నుగా మాత్రమే వాడండి. ఆర్డుయినో సంగతంటారా, మావాడు మూడేళ్ల కిందట వాళ్ల కాలేజీ ప్రాజెక్టుకి రాసిన కోడ్ ఏ ల్యాప్‌టాప్‌లో ఉందో ఇప్పుడు వాడికే తెలీదు. ట్రిపుల్ ఫైవ్‌లో ఉన్నదంతా బోర్డు మీదే కనబడుతుంది. మల్టీమీటర్ పట్టుకోవడం వచ్చిన ఎవరైనా అరగంటలో తప్పు పట్టుకుంటారు. ఇంటికి కాపలా కాసే వస్తువు ఇంటివాళ్లకు అర్థమయ్యేదై ఉండాలన్నది నా పట్టుదల.

ఈ ఐసీ వెనక ఒక మనిషి ఉన్నాడు, ఆయన పని తెలిస్తే దీనిమీద గౌరవం పెరుగుతుంది. హాన్స్ కామెంజిండ్, స్విట్జర్లాండ్‌లో పుట్టి అమెరికా వెళ్లిన ఇంజినీరు. 1971లో సిగ్నెటిక్స్ కంపెనీ కోసం దీన్ని గీశాడు, 1972లో మార్కెట్లోకి వచ్చింది. మొదటి నమూనాకి తొమ్మిది కాళ్లు అవసరమయ్యాయి. లోపల స్థిరంగా కరెంటునిచ్చే ఏర్పాటు తీసేసి, కెపాసిటర్‌ని మామూలు రెసిస్టర్ గుండా నింపితే ఒక కాలు తగ్గుతుందని తర్వాత తట్టింది. ఎనిమిది కాళ్ల చిన్న పెట్టెలో ఇమిడింది. యాభై ఏళ్లు దాటినా గుజరాతీ గల్లీలో గుప్పెళ్లకొద్దీ అమ్ముడవుతోందంటే ఆ తీసివేత పుణ్యమే. లోపల 5 కిలో ఓముల రెసిస్టర్లు మూడున్నాయి కాబట్టి 555 అనే పేరొచ్చిందని మన కాలేజీల్లో చెబుతుంటారు. అది కట్టుకథ. ఆ అంకె ఎంచుకున్నది కంపెనీ మార్కెటింగ్ చూసే ఆర్ట్ ఫ్యూరీ అని కామెంజిండే చెప్పాడు.

ఆ మూడు రెసిస్టర్లు చేసే పని మాత్రం తెలుసుకోవాలి. అవి సరఫరా వోల్టేజీని మూడు సమభాగాలు చేస్తాయి. పిన్ 2 మూడోవంతు కంటే కిందికి పడితే పిన్ 3 పైకి లేస్తుంది, అలారం మొదలు. అప్పటినుంచి కెపాసిటర్ నిండుతూ మూడింట రెండువంతులకు చేరగానే పిన్ 6 అది గమనించి పిన్ 3ని దించేస్తుంది, పిన్ 7 కెపాసిటర్‌ని ఖాళీ చేస్తుంది. ఈ నిండే సమయం రెసిస్టర్‌ని కెపాసిటర్‌తో గుణించి 1.1తో హెచ్చవేస్తే వస్తుంది. పిన్ 4 నేలకు, అంటే గ్రౌండ్‌కి, తగిలితే ఉన్న లెక్కంతా రద్దు. చేతిలో పట్టుకోవాల్సిన సూత్రం ఇంతే.

ఇక్కడే అందరూ పొరపడతారు. పుస్తకంలో మొదటి బొమ్మగా ఉండే సర్క్యూట్‌కి ఒక మొండితనం ఉంది. లెక్క మొదలయ్యాక మధ్యలో ఎన్నిసార్లు కదలిక తగిలినా పట్టించుకోదు. దొంగ లోపల తిరుగుతుండగానే సమయం అయిపోయిందని ఆగిపోతుంది. దానికి విరుగుడుగా బీసీ557 ట్రాన్సిస్టర్ ఒకటి చేర్చి, కదలిక తగిలినప్పుడల్లా కెపాసిటర్‌ని ఖాళీ చేయిస్తారు. లెక్క మళ్లీ మొదటికొస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. ఇళ్లలో పెట్టి చూశాక నాకు తెలిసిందేమిటంటే, ఆ ఏర్పాటుకి నేరుగా హూటర్ తగిలిస్తే ఎప్పటికీ ఆగని అలారం తయారవుతుంది. హూటర్ అదురుకి కర్టెన్ కదలనక్కరలేదు, రిలే విడిపోయేటప్పుడు కరెంటులో వచ్చే కుదుపు చాలు, సెన్సర్ ఉలిక్కిపడి మళ్లీ మొదలెడుతుంది. ఆగుతుంది, ఆగడం వల్లే మళ్లీ మోగుతుంది. గోడౌను కథ మళ్లీ వచ్చినట్టే.

అందుకే నా సలహా ఇది. వెలుగు మళ్లీ మళ్లీ, అరుపు ఒక్కసారి. రెండు ట్రిపుల్ ఫైవ్‌లు పెట్టండి. మొదటిది లైటుది. కదలిక తగిలినప్పుడల్లా దాని లెక్క మొదటికి రావాలి. గది పూర్తిగా సద్దుమణిగిన రెండు నిమిషాలకు లైటు ఆరాలి. రెండోది హూటర్‌ది. లైటు ఆరివున్న స్థితి నుంచి వెలిగిన క్షణంలో మాత్రమే దానికి పిలుపు వెళ్లాలి. ఒక్క నిమిషంలోపు మోగి ఊరుకోవాలి. ఆ తర్వాత దొంగ లోపల ఎంత తిరిగినా లైటు వెలుగుతూనే ఉంటుంది కానీ హూటర్ లేవదు. గది రెండు నిమిషాలు కదలకుండా ఉన్నాకనే అది మళ్లీ మోగడానికి సిద్ధమవుతుంది. హూటర్ ఆగినప్పుడు వచ్చే కుదుపు సెన్సర్‌ని కదిపినా నష్టం లేదు, లైటు ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ వెలుగుతుంది, అంతే. లైటు సమయం హూటర్ సమయం కంటే ఎక్కువ ఉండాలన్న నియమాన్ని మాత్రం తప్పకండి. ఈ ఏర్పాటు అంతా దాని మీదే నిలబడింది.

విలువలు చెబుతాను. రెంటికీ 220 మైక్రోఫారడ్ కెపాసిటర్లే వాడండి, ఒకే రకం కొంటే తికమక ఉండదు. లైటు టైమర్‌కి 470 కిలో ఓములు, లెక్కకి 114 సెకన్లు. హూటర్ టైమర్‌కి 220 కిలో ఓములు, 53 సెకన్లు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ విలువ 20 శాతం అటూఇటూ ఉండటం మామూలే కాబట్టి చేతి గడియారంతో చూస్తే అంకెలు కొంచెం మారతాయి. కంగారుపడకండి. సెన్సర్ నుంచి వచ్చే సిగ్నల్ పైకి లేస్తుంది, పిన్ 2కి కావాల్సింది కిందికి పడటం. మధ్యలో బీసీ547 పెట్టాలి. సెన్సర్ నుంచి 10 కిలో ఓముల మీదుగా దాని బేస్‌కి, ఎమిటర్ నేలకి, కలెక్టర్ పిన్ 2కి, అక్కడినుంచి ఇంకో 10 కిలో ఓములు పాజిటివ్‌కి. అదే కలెక్టర్ నుంచి 1 కిలో ఓము మీదుగా బీసీ557 బేస్‌కి. దాని ఎమిటర్ లైటు టైమర్ కెపాసిటర్ పాజిటివ్‌కి, కలెక్టర్ నేలకి. హూటర్ టైమర్‌కి పిలుపు పంపడానికి లైటు టైమర్ పిన్ 3ని ఇంకో బీసీ547తో తిప్పి, 0.1 మైక్రోఫారడ్ మీదుగా రెండో ఐసీ పిన్ 2కి ఇవ్వండి. ఆ పిన్‌కి 10 కిలో ఓములు, దానిమీదే 1ఎన్4148 డయోడ్ పాజిటివ్ వైపుకి. కెపాసిటర్ గుండా వెళ్లేది చిటికె వేసినంత పిలుపే కాబట్టి హూటర్ టైమర్ ఒకే ఒక్కసారి కదులుతుంది.

ఇంట్లో 12 వోల్టుల బ్యాటరీ ఉన్నా ఐసీలకు 5 వోల్టులే ఇవ్వండి. 7805 పెడితే సరిపోతుంది. పన్నెండు ఉండగా ఐదుకి దించడం ఎందుకని అడుగుతారు. బీసీ557 ఎమిటర్‌కీ బేస్‌కీ మధ్య వెనక్కి తిరిగిన వోల్టేజీ 5 దాటకూడదు. 12 వోల్టుల మీద కట్టిన సర్క్యూట్ మొదటిరోజు బాగానే పనిచేస్తుంది. ఆ ట్రాన్సిస్టర్ ఖాళీగా ఉన్న ప్రతి క్షణం కొంచెం కొంచెంగా చెడిపోతూ ఉంటుంది. ఆరునెలలకో ఏడాదికో లెక్క మొదటికి రావడం మానేస్తుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. ఇలాంటివి నా బల్ల మీదికి చాలా వచ్చాయి. హూటర్‌కీ లైటుకీ రిలేలు 12 వోల్టులవే వాడండి, ఒక్కో కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 డయోడ్ తిరగేసి వేయండి. ఐసీల పక్కనే 100 మైక్రోఫారడ్, 0.1 మైక్రోఫారడ్, పిన్ 5 నుంచి నేలకి 0.01. నాలుగు రూపాయల ఈ ముక్కలు వదిలేసినవాళ్లే దయ్యం పట్టిందని సర్క్యూట్ తెచ్చి చూపిస్తుంటారు. లైటు కూడా 12 వోల్టుల ఎల్‌ఈడీదే పెట్టండి. 230 వోల్టులు ఈ పెట్టెలోకి రానివ్వకండి.

ఇప్పుడు కన్ను సంగతి. చూపు దూరం ప్రీసెట్‌ని పూర్తిగా తగ్గించి మొదలెట్టండి. నాంపల్లి గదులు పదడుగులు, పన్నెండడుగులు. వాటికి 7 మీటర్ల చూపు ఎందుకు? ఈ సెన్సర్ మనిషిని చూడదు, మనిషి ఒంటి వేడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరగడాన్ని చూస్తుంది. లోపల పక్కపక్కనే రెండు ముక్కలుంటాయి, ఒకదాని మీద పడ్డ వేడి రెండోదాని మీదికి జరిగితేనే సిగ్నల్ పుడుతుంది. కాబట్టి దానికెదురుగా నడిచొచ్చేవాడి కంటే అడ్డంగా దాటేవాడు బాగా దొరుకుతాడు. అందరూ తలుపుకి ఎదురుగా బిగిస్తారు. మీరు తలుపు పక్క గోడకి బిగించండి, వచ్చేవాడు చూపుని అడ్డంగా కోయాలి. మే నెలలో రేకుల గదిలో గోడలు మనిషి ఒంటివేడికి దగ్గరగా కాగిపోతాయి. అప్పుడు సెన్సర్‌కి మనిషికీ గోడకీ తేడా సరిగా ఆనదు. ఆ గదుల్లో దానొక్కదాన్నే నమ్మకండి, తలుపుకీ వెంటిలేటర్‌కీ ఒక్కో మాగ్నెట్ స్విచ్ చేర్చండి. పావురాలూ పిల్లులూ దూరే చోటైతే లెన్స్ కింది సగానికి నల్లటేపు అంటించండి. చూపు సగం పోతుందని బాధపడకండి, పోవాల్సింది ఆ సగమే.

తలుపొక్కదాన్నే కాపలా కాయకండని కూడా గట్టిగా చెబుతాను, దానికి కారణం పురానీ హవేలీ. 2018 సెప్టెంబరు 2 రాత్రి అక్కడి నిజాం మ్యూజియంలోకి దొంగలు వెంటిలేటర్ గుండా తాడు పట్టుకుని దిగారు. వజ్రాలు పొదిగిన మూడు గిన్నెల బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, చెంచా పట్టుకుపోయారు. సంగతి బయటపడింది తెల్లారాకే. పదిరోజులు తిరక్కుండా హైదరాబాద్ పోలీసులు ఇద్దర్ని పట్టుకుని సొత్తు వెనక్కి తెచ్చారు, నగరమంతా ఊపిరి పీల్చుకుంది. ఆ వార్త చదివిన రోజు నాకు మా గోడౌను వెంటిలేటరే కళ్లముందు నిలిచింది. కెమెరా ఉంటే చాలదా అనొచ్చు. అది జరిగినదాన్ని గుర్తుపెట్టుకుంటుంది, మంచిదే. జరుగుతుండగా పిలవడం దాని పని కాదు. పాత కట్టడాల్లో వచ్చేవాడు పైనుంచి వస్తాడు. వచ్చినవాడు ఎటునుంచి దిగినా దాటక తప్పని నడవ ఒకటుంటుంది, కన్ను అక్కడ పెట్టాలి.

కట్టడం అయ్యాక వారం రోజులు హూటర్ తగిలించకండి. దాని చోట చిన్న ఎల్‌ఈడీ పెట్టి, పక్కన నోటుపుస్తకం వేలాడదీయండి. వెలిగినప్పుడల్లా టైమూ కారణమూ ఇంట్లో ఎవరు చూస్తే వాళ్లు రాయాలి. ‘ఉదయం ఆరు, ఎండ పడింది.’ ‘రాత్రి రెండు, పిల్లి.’ ఏడు రోజులకి ఆ పుస్తకమే మీకు ఎక్కడ టేపు వేయాలో, ఎటు తిప్పాలో చెబుతుంది. నేను కట్టిన వాటిలో నిలబడినవన్నీ ఈ వారం గడిపినవే. గడపనివి నిలవలేదు. ఆ వారం ముగిశాక, పుస్తకంలో వరసగా రెండు రోజులు ఖాళీగా ఉంటేనే హూటర్ తగిలించండి. అదీ పక్కింటివాళ్లకు చెప్పి, వాళ్ల ఎదుట ఒకసారి మోగించి.

9 వోల్టుల చిన్న బ్యాటరీ జోలికి పోకండి, నాలుగు రోజుల్లో చేతులెత్తేస్తుంది. 12 వోల్టుల, 7 యాంపియర్-అవర్ సీల్డ్ బ్యాటరీ, దానికి 13.5 నుంచి 13.8 వోల్టులిచ్చే చార్జర్ పెట్టండి. సర్క్యూట్ మొత్తం ఖాళీగా ఉన్నప్పుడు తినేది 12 మిల్లీయాంపులకు దగ్గర. కరెంటు పూర్తిగా పోయినా లెక్కకి 24 రోజులు. పాత బ్యాటరీ అనుకుని సగానికి కోసేసినా సంక్రాంతి దాటిపోతుంది. సంక్రాంతి అని ఊరికే అనలేదు. జనవరి రెండోవారంలో నాంపల్లి స్టేషన్‌లో కాలు పెట్టే చోటుండదు, మా గల్లీలో పది తలుపులకు ఆరు తాళాలు. ఇల్లు ఐదారు రోజులు ఖాళీగా ఉండే కాలం అదే, దొంగలకూ తెలుసు. ఆ రోజుల్లో మోగిన అలారాన్ని ఆపడానికి ఇంటివాళ్లు ఉండరు. తనంతట తాను ఆగాలి, తనంతట తాను మళ్లీ సిద్ధం కావాలి. చట్టం కూడా ఉంది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతాల్లో హద్దు 45 డెసిబెల్స్. మన హూటర్లు దానికి ఎక్కడో పైన. ఆపదలో ఒక నిమిషం అరిస్తే ఏ పొరుగువాడూ తప్పుపట్టడు.

ఇప్పుడు మొదటి మాటకు వస్తాను. ఎర్ర బటన్ దొంగకి కనబడితే ఏమవుతుంది? నొక్కుతాడు. హూటర్ ఆగుతుంది, లైటు ఆరుతుంది. వాడు ఒక్క అడుగు వేయగానే సెన్సర్ చూస్తుంది, లైటు వెలుగుతుంది, ఆ వెలగడంతోనే హూటర్‌కి కొత్త పిలుపు వెళుతుంది. ఇంకా నొక్కితే ఇంకోసారి మోగుతుంది. బటన్ చెరిపేది లెక్కనే, కన్ను మూయదు. మరి దాన్ని నొక్కిపట్టి టేపు వేసేస్తే? అక్కడే ఒక 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ మనల్ని కాపాడుతుంది. రెండు ఐసీల పిన్ 4లను కలిపి, 10 కిలో ఓములతో 5 వోల్టులకు కట్టండి. బటన్‌ని నేరుగా వాటికి తగిలించకుండా మధ్యలో ఆ కెపాసిటర్ పెట్టండి, పాజిటివ్ కాలు పిన్ 4 వైపుకి. కెపాసిటర్‌కి అడ్డంగా 100 కిలో ఓములు. నొక్కిన మొదటి క్షణంలో పిన్ 4 నేలను తాకి వెనక్కి వచ్చేస్తుంది. ఆ తర్వాత వాడు రాత్రంతా నొక్కిపట్టినా, బటన్ వైర్లు తెంపినా, రెండూ మెలిపెట్టి కలిపినా అలారం మెలకువగానే ఉంటుంది. ఈ ఒక్క ముక్క నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. తట్టిన రోజు గోడౌను పైఅంతస్తు పెద్దాయన గుర్తొచ్చారు. ఈ బటన్ ఒకటి ఆ గోడ బయట ఉండి ఉంటే ఆయన ఆ రాత్రి నిద్రపోయేవారు.

దాచాల్సింది ఇంకొకటుంది, తాళంచెవితో తిరిగే స్విచ్చి. అది పిన్ 4ని నేరుగా నేలకు కడుతుంది, అలారాన్ని నిద్రపుచ్చేది అదొక్కటే. దాని వైర్లు గోడలోపలి నుంచి రావాలి. బయటికి వెళ్లేటప్పుడు కరెంటు ఇచ్చి ఒక నిమిషం ఆగి తాళంచెవి తిప్పండి, సెన్సర్ సర్దుకోవడానికి అంతసేపు పడుతుంది.

కిందటి సంక్రాంతికి మా అక్క కొడుకు కుటుంబంతో ఊరెళ్లాడు. వాడింట్లో ఉన్నది ఇద్దరం కూర్చుని కట్టిన అలారమే. భోగి ముందురోజు రాత్రి పదకొండున్నరకి ఎదురింటి పిన్నిగారు నాకు ఫోన్ చేశారు. ఆమెకి డెబ్బై దాటాయి. ‘మోగింది నాయనా, పోయి చూసిన. వెంటిలేటర్ అద్దం పగిలి పావురం లోపలికొచ్చింది. ఎర్రది నొక్కిన, ఆగింది. కొంచెంసేపటికి మళ్ల మోగింది, మళ్ల నొక్కిన. తెల్లారినాక వచ్చి ఆ పావురాన్ని బయటికి పంపియ్యి. అందాక నేనీడనే కూసుంట.’